చుక్కల వెనుకనున్న చేప

హైదరాబాదు నగరములోని జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతములు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నెలవులు. అక్కడి స్టూడియోలలో ఒకే నటుడు ఉదయము కిరీటము ధరించి రాజు కావచ్చును. మధ్యాహ్నము చింకిగుడ్డలు కట్టి బిచ్చగాడు కావచ్చును. ఏ సంబంధమును లేని ఇద్దరు నటులకు ఒకే తీరు మీసములు అంటించి, ఒకే రంగు పూసి, కవల సోదరులని ప్రేక్షకులను నమ్మింపవచ్చును. వేషమును చూచి మనిషిని నిర్ణయించుట పొరపాటని ఆ పేటలోని వారికి వేరుగ చెప్పనక్కరలేదు.

సరిగా ఇదే పొరపాటు ఒక చేప విషయములో ప్రపంచమంతట జరుగుచున్నది. ఆ చేప దక్షిణ అమెరికా నదులలో నివసించు మంచినీటి టెంకి చేప. దీనినే ఆంగ్లమున స్టింగ్ రే అందురు. పళ్లెమువలె గుండ్రని బల్లపరుపు దేహము, పొడవైన తోక, తోకపై రంపపు పళ్ళ ముల్లు, వీపుపై ముత్యములు చల్లినట్లు చుక్కలు — ఇవి దీని లక్షణములు. అందము వలనను, అరుదగుట వలనను దీనిని ఇండ్లలోని పెద్ద గాజుతొట్లలో పెంచు అలవాటు అనేక దేశములలో వ్యాపించినది.

అట్టి పేటలో ఒక ఇంటిని ఊహింతము. ముందుగదిలో గోడ పొడవున ఒక తొట్టి. అందులో రెండు టెంకి చేపలు. ఒకటి గోధుమవన్నె ఆడుచేప. దాని వీపుపై నల్లని అంచుగల నారింజరంగు చుక్కలు. రెండవది నల్లని మగచేప; దాని వీపుపై తెల్లని చుక్కలు. వీటికి పిల్లలు కలిగిన ఎంత వింతగ నుండునో యని యజమాని ఎదురు చూచుచున్నాడు. ఈ సందర్భమున మూడు ప్రశ్నలు పుట్టును. ఇవి ఏ జాతి చేపలు? ఈ రెండును జతకట్టి పిల్లలను కనునా? కనునట్లయిన కననీయవచ్చునా? మొదటి ప్రశ్నకు సరియైన జవాబు లేనిదే మూడవదానికి జవాబు దొరకదు.

తెలుగు తీరమున టెంకి

ఈ రకపు చేపలు తెలుగువారికి కొత్తవి కావు. 18వ శతాబ్దము చివరి భాగమున ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్టణమున ఉండిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు ఆ తీరపు చేపలను సేకరించి, బొమ్మలు గీయించి, 1803లో లండనులో రెండు సంపుటములుగ ప్రకటించెను. అందులో 200 చేపల వర్ణనలు కలవు. స్థానికులు చెప్పిన పేర్లను ఆయన తన చెవికి వినబడినట్లు వ్రాసికొనెను. టెంకి అను మాట అందు పలుమార్లు కనిపించును. ఆయన ‘ఎరెగూడూ టెంకీ’ అని వ్రాసిన ఒక చేప నేటికిని శాస్త్రలోకములో ‘మోబ్యులా ఎరెగూడూ’ అను పేరుతోనే చెలామణి యగుచున్నది. విశాఖ బెస్తల నోటిమాట ఈ విధముగ ప్రపంచ జంతుశాస్త్ర గ్రంథములకు ఎక్కినది.

ఇందులో గమనింపదగిన విషయమొకటి కలదు. రస్సెల్ చేప రంగును మాత్రమే వ్రాసి ఊరకుండలేదు. అది ఎక్కడ దొరకినది, అక్కడివారు దానిని ఏమందురు, దాని ఆకారమెట్టిది అను మూడింటిని కలిపి భద్రపరచెను. రెండు వందల సంవత్సరముల తరువాత కూడ ఆ చేప ఏదో తేల్చుకొనుటకు వీలైనది అందువలననే. గాజుతొట్టిలోని చేపకు సాధారణముగ లోపించునది ఈ సమాచారమే.

సముద్రమును విడిచిన చేప

టెంకి చేపలు సొరచేపలకు దగ్గరి చుట్టములు. వీటి అస్థిపంజరము ఎముకతో గాక మృదులాస్థితో నిర్మితమైనది. ఈ వర్గములో అత్యధిక భాగము సముద్రవాసులే. సముద్రపు నీరు ఉప్పన. చేప రక్తములో ఉప్పు అంతకంటె తక్కువ. ద్రవాభిసరణ సూత్రమును బట్టి చేప ఒంటిలోని నీరు వెలుపలికి లాగబడవలెను. దీనిని తప్పించుకొనుటకు సముద్రపు టెంకి చేపలును, సొరచేపలును తమ రక్తములో యూరియాను పెద్ద మొత్తమున నిలువచేసికొనును. అందువలన లోపలి ద్రవముల గాఢత వెలుపలి నీటి గాఢతతో సరితూగును.

దక్షిణ అమెరికా నదులలోని పొటామోట్రైగాన్ అను ప్రజాతి చేపల కథ వేరు. కోట్ల సంవత్సరముల క్రిందట సముద్రజలములు ఆ ఖండము లోతట్టు ప్రాంతములకు చొచ్చుకొని వచ్చి, తరువాత వెనుకకు తగ్గినవి. అట్లు చిక్కుబడిన సముద్రపు టెంకి చేపల సంతతియే ఇవి యని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. 1967లో థార్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును వీటి రక్తమును పరీక్షించి ఒక ఆశ్చర్యకరమైన సంగతి ప్రకటించిరి. వీటి రక్తములోని యూరియా సముద్రపు టెంకి చేపలలో నుండుదానిలో నూరవ వంతుకంటె కూడ తక్కువ. ఉప్పునీటిలో ఉంచినను ఇవి యూరియాను కూడబెట్టలేకపోయినవి. అనగా ఈ చేపలు సముద్రమున బ్రతుకు సామర్థ్యమునే పోగొట్టుకొన్నవి.

దీని ఫలితమేమి? కాలువల మాట విడిచినచో, గోదావరిలోని చేప కృష్ణకు పోవలెనన్న సముద్రము మీదుగ పోవలసియుండును. సముద్రమున బ్రతుకలేని చేపకు ఆ మార్గము మూతబడినట్లే. దక్షిణ అమెరికాలో కూడ నదికి నదికి మధ్యనున్న ఎత్తైన భూమి, ఒకే నదిలోని పెద్ద జలపాతములు ఈ చేపలకు గోడలైనవి. గోడకు ఈవల నొక జాతి, ఆవల నొక జాతి ఏర్పడినవి. షింగూ నదిలో లియోపోల్డీ అను జాతి, టోకాంటిన్స్ నదిలో హెన్లీ అను జాతి నివసించుటకు కారణమిదియే. కావున టెంకి చేపకు నది పేరు ఒక చిరునామా వంటిది. ఆ చిరునామా తెలిసిన గుర్తింపు పని సగము పూర్తియైనట్లే.

చుక్కలు చెప్పు సాక్ష్యము

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. మంచినీటి టెంకి చేపలలో నేటికి శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టిన జాతులు మూడు పదులకు మించినవి. ఈ లెక్క ఇంకను ముగియలేదు. పెరూ దేశమునుండి పెంపకందార్లకు చాలకాలముగ తెలిసిన పులిచారల టెంకికి 2011లో గాని టైగ్రినా అను శాస్త్రీయనామము లభింపలేదు. రెక్స్, జబూటీ, అల్బిమాక్యులాటా, వాలేసీ అను జాతులు 2016లో వర్ణింపబడినవి. అంగడిలో అమ్ముడుపోయిన తరువాత శాస్త్రము పేరు పెట్టిన సందర్భములు ఈ చేపలలో ఒకటి రెండు కావు.

ఊహించిన తొట్టిలోని గోధుమవన్నె చేపను చూచి పెంపకందార్లు మోటోరో అందురు. ఈ పేరును 1841లో మ్యూలర్, హెన్లే అను జర్మను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. నల్లని అంచుగల నారింజ చుక్క దీని ప్రసిద్ధ లక్షణము. అయితే అమెజాన్ నదిలోని మోటోరో చుక్కలు, పరానా నదిలోని మోటోరో చుక్కలు ఒకే తీరున నుండవు. ఒకే తల్లి పిల్లలలో కూడ చుక్కల పరిమాణము, సంఖ్య మారుచుండును. వయసుతో రంగు ముదురును. 2013లో పరానా–పరాగ్వే నదుల చేపలను తిరిగి పరిశీలించినప్పుడు, అంతవరకు మోటోరో అని భావించిన వానినుండి రెండు కొత్త జాతులను వేరుచేయవలసి వచ్చినది.

నల్లని చేప సంగతి ఇంకను చిక్కైనది. నలుపుపై తెల్లని చుక్కలుగల జాతులలో కొన్ని: షింగూ నదిలోని లియోపోల్డీ, టోకాంటిన్స్ నదిలోని హెన్లీ, టపజోస్ నదిలోని అల్బిమాక్యులాటా. ఈ మూడును మూడు నదులకు చెందినవి. తొట్టిలో వేసినచో మూడు నదులును ఒకటే యగును. అప్పుడు చుక్క యొక్కటే సాక్షిగ మిగులును. అదియో, ఇందాక చూచినట్లు, నమ్మదగిన సాక్షి కాదు.

మరి శాస్త్రజ్ఞులు జాతిని ఏవిధముగ తేల్చుదురు? వారు ఒక గుర్తుపై ఆధారపడరు. పళ్లెము పొడవు వెడల్పులను, తోక పొడవును కొలిచి, వాని నిష్పత్తులను లెక్కింతురు. తోక వెన్నుపై ముళ్ళు ఒక వరుసలో ఉన్నవా, రెండు మూడు వరుసలలో ఉన్నవా యని చూతురు. చర్మముపై ఇసుక కాగితమువలె గరగరలాడు దంతాకారపు పొలుసులను భూతద్దములో పరిశీలింతురు. చేపను త్రిప్పి, నోరు, మొప్పల చీలికలు ఉండు అడుగుభాగపు రంగును గమనింతురు. నోటిలోని పళ్ళ వరుసలను లెక్కింతురు. ఎక్స్‌రే సహాయముతో లోపలి మృదులాస్థుల అమరికను చూతురు. ఇవన్నియు ఒకే మాట చెప్పినప్పుడే జాతిని నిర్ణయింతురు. తెరపైని వేషమును గాక నటుని ఎత్తు, నడక, గొంతు చూచి పోల్చుకొనుట వంటిదిది.

నేడు జన్యుపరీక్షలు కూడ వచ్చినవి. కాని వానిలోను ఒక మెలిక కలదు. విరివిగ వాడు పరీక్ష కణములోని మైటోకాండ్రియా అను భాగపు డి.ఎన్.ఏ.ను చదువును. ఈ భాగము సంతానమునకు తల్లినుండియే వచ్చును, తండ్రినుండి రాదు. కావున తల్లి ఒక జాతిది, తండ్రి మరియొక జాతివాడు అయిన పిల్లను ఈ పరీక్షకు పంపిన, తల్లి జాతి పేరే జవాబుగ వచ్చును. తండ్రి సంగతి తెలియవలెనన్న కణకేంద్రములోని డి.ఎన్.ఏ.ను కూడ చదువవలెను.

జతకట్టునా?

రెండవ ప్రశ్నకు జవాబు: కట్టును. టెంకి చేపలలో ఫలదీకరణము తల్లి గర్భములోనే జరుగును. మగచేపకు కటిరెక్కల లోపలి అంచున రెండు వేళ్ళవంటి అవయవములు ఉండును. వీనిని ఆలింగకములందురు. ఆడుదానికి ఇవి ఉండవు. పుట్టిన దినముననే ఈ తేడా కనబడును గనుక ఆడమగలను వేరుచేయుట అతి సులభము. ఈ సంగతి చివర తిరిగి అక్కరకు వచ్చును.

జతకట్టు సమయమున మగచేప ఆడుదాని పళ్లెపు అంచును పళ్ళతో పట్టుకొనును. గర్భములోని పిల్ల మొదట తన పచ్చసొనను వాడుకొనును. అది తరిగిన పిదప తల్లి గర్భాశయపు గోడనుండి పెరిగిన సన్నని పోగులవంటి భాగములు ఒక పోషక ద్రవమును స్రవించును. పాలను పోలిన ఈ ద్రవముతో పిల్ల పెరుగును. తొట్లలో మోటోరో గర్భకాలము ఇంచుమించు 3 నెలలు. పుట్టిన పిల్ల తల్లికి చిన్నరూపువలె, చుక్కలతో, తోకముల్లుతో సంపూర్ణముగ నుండి వెంటనే ఈదగలదు.

వేరు జాతుల చేపలు తొట్టిలో జతకట్టి పిల్లలను కనుట పెంపకందార్లకు తెలిసిన విషయమే. ఆగ్నేయాసియాలోని చెరువులలో అట్టి సంకరములను అమ్మకమునకై పెంచుచున్నారు. ఆ పిల్లలు పెరిగి తాము కూడ పిల్లలను కనుట కలదు. గుఱ్ఱమునకు, గాడిదకు పుట్టిన కంచరగాడిదకు సంతానము కలుగదని పాఠ్యపుస్తకములు చెప్పును. ఆ నియమము అన్ని జంతువులకు వర్తింపదు. టెంకి జాతులను విడిగ నిలిపినది దేహములోని అడ్డుకంటె ఎక్కువగ భూమిపైని అడ్డు: కొండ, జలపాతము, ఉప్పు సముద్రము.

ఆ అడ్డు తొలగిన ఏమగునో పరానా నది చూపినది. ఆ నదిపై గ్వాయిరా జలపాతములు దిగువ చేపలు పైకి ఎక్కకుండ యుగయుగములుగ ఆపినవి. 1982లో ఇటైపూ ఆనకట్ట నిండుటతో జలపాతములు నీట మునిగిపోయినవి. దిగువనున్న టెంకి చేపలు ఎగువ పరానాకు వ్యాపించినవి. 2015లో జన్యుశాస్త్రజ్ఞులు మోటోరో, ఫాక్‌నెరీ అను రెండు జాతుల మధ్య సంకరము జరిగినట్లు గుర్తించి ప్రకటించిరి. ఒక జలపాతము మునుగుటకే ఇంత మార్పు కలిగినచో, షింగూ చేపను, అమెజాన్ చేపను ఒకే గాజుగోడల మధ్య ఉంచుట ఎట్టిదో ఆలోచింపవచ్చును. అక్కడ గోడ అసలే లేదు.

పదునారవ వంతు

సంకరము కలిగిన నష్టమేమి? దీనిని లెక్కతో చూచుట మేలు. మోటోరో తల్లికి, లియోపోల్డీ తండ్రికి పుట్టిన పిల్లలో జన్యువులు సగము తల్లివి, సగము తండ్రివి. ఆ పిల్లను పెంచి, శుద్ధమైన లియోపోల్డీతో తిరిగి జతకట్టించిన, పుట్టు సంతతిలో మోటోరో పాలు సగటున 4వ వంతు. ఇట్లే మరియొక తరము గడచిన 8వ వంతు. ఇంకొక తరము గడచిన 16వ వంతు. తరము తరమునకు పాలు సగమగును గాని ఎన్నటికిని సున్న కాదు.

ఇంతలో పైరూపు మారును. పెంపకందారు ప్రతి తరమున నల్లనివానిని, తెల్లచుక్కలు స్పష్టముగనున్నవానిని ఏరి ఉంచును. నాలుగైదు తరములలో చూపునకు అచ్చమైన లియోపోల్డీవలె కనబడు చేప తయారగును. ముత్తవ మోటోరో అని వ్రాసిపెట్టినవారు లేనిచో, కొన్నవాడు దానిని షింగూ చేప యనియే నమ్మును. వేషము పూర్తియైనది; లోపలి మనిషి వేరు.

పైకి ఒకటే యైనప్పుడు ఈ తేడాకు ఇంత పట్టింపేల యని అడుగవచ్చును. లియోపోల్డీకి ప్రపంచములో షింగూ నదీ ప్రాంతమే నివాసము. ఆ నదిపై బెలో మోంటే అను భారీ జలవిద్యుత్ కేంద్రము 2016లో ఉత్పత్తి ప్రారంభించినది. నది ప్రవాహము మారినచోట చేప బ్రతుకు మారును. ఎప్పుడైన ఒక జాతి నదిలో తరిగిపోయిన, మానవుల సంరక్షణలోనున్న చేపలే దానికి ఆధారము కావచ్చును. కాని అట్లు కావలెనన్న వాని వంశము నిస్సందేహముగ తెలియవలెను. తొట్లలో వేల చేపలుండి, వానిలో ఏది శుద్ధమో చెప్పలేనిచో, ఆ వేలును జాతిరక్షణకు ఒక్క చేపపాటి చేయవు. ఎక్కువ చేపలుండుట వేరు, జాతి నిలుచుట వేరు.

తొట్టి, నీరు, ముల్లు

పెంపకము తేలిక పని కాదని కూడ చెప్పవలెను. ఎదిగిన మోటోరో పళ్లెము అడుగున్నర వెడల్పును దాటును. అట్టి చేప తిరుగుటకు 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతు నీరుగల తొట్టి ఉన్నదనుకొందము. 2 × 1 × 0.6 = 1.2 ఘనపు మీటర్లు. అనగా 1,200 లీటర్లు. గాజు, ఇసుకల బరువు విడిచినను, నీటి బరువే 1,200 కిలోలు. నేలపై చదరపు మీటరుకు 600 కిలోలు పడును. నివాసపు గదులకు భారతీయ ప్రమాణము విధించిన భారము చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు మాత్రమే. కావున మేడపై అంతస్తులో ఇట్టి తొట్టి పెట్టుటకు ముందు ఇంజనీరు సలహా తప్పదు.

తరువాతిది నీరు. చేప విసర్జించు మలినములలో ముఖ్యమైనది అమ్మోనియా, ఇది విషము. వడపోతలో పెరుగు ఒక రకపు సూక్ష్మజీవులు దీనిని నైట్రైటుగను, మరియొక రకపువి నైట్రేటుగను మార్చును. ఈ సూక్ష్మజీవులు నెలకొనకముందే చేపను విడిచినచో అది బ్రతుకుట కష్టము. నగరపు కుళాయి నీటిలోని క్లోరిన్ వీనికి పడదు; దానిని తొలగించిన పిమ్మటనే నీరు పోయవలెను. గ్రానైటు కొండలపై వెలసిన పేటలలో బోరునీరు తరచు కఠినజలము. మెత్తని, కొంచెము ఆమ్లగుణముగల నీటికి అలవడిన చేపకు అది అనుకూలము కాదు.

తోకముల్లు విషయములో నిర్లక్ష్యము పనికిరాదు. ముల్లు చుట్టు విషమును పుట్టించు కణజాలము ఉండును. పోటు తగిలిన భరింపరాని నొప్పి కలుగును. గాయమును చర్మము కాలనంతటి వేడినీటిలో ఉంచిన నొప్పి తగ్గును. అయినను వెంటనే వైద్యునికడకు పోవలెను. పిల్లలు తొట్టిలో చేయి పెట్టకుండ చూచుట పెద్దల బాధ్యత.

చట్టము చెప్పునది

అడవి జంతువుల వర్తకమును నియంత్రించు సైటీస్ అను అంతర్జాతీయ ఒప్పందములో భారతదేశము భాగస్వామి. బ్రెజిలు దేశము తన మంచినీటి టెంకి చేపలను 2017లో ఆ ఒప్పందపు మూడవ అనుబంధములో చేర్చినది. 2022 నవంబరులో పనామాలో జరిగిన సమావేశమున లియోపోల్డీ, హెన్లీ, వాలేసీ మున్నగు 7 జాతులను రెండవ అనుబంధములో చేర్చుటకు నిర్ణయించిరి. భారతదేశపు వన్యప్రాణి సంరక్షణ చట్టము 2022లో సవరింపబడినది. పట్టికలోనున్న సజీవ జంతువులను ఇంట నుంచుకొనువారు వాని వివరములను, సంతానమును, బదిలీని, మరణమును ప్రభుత్వమునకు తెలియజేయవలెనని 2024లో నిబంధనలు వెలువడినవి. వీనిని పరివేష్ అను ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా తెలుపవలెను. చేప జాతి పేరు తెలియనివాడు ఈ వివరములను ఎట్లు నింపగలడు? గుర్తింపు కేవలము కుతూహలమునకు సంబంధించినది కాదని దీనివలన తేలుచున్నది.

మన దేశపు నదులలో నివసించు టెంకి చేపల సంగతి వేరు. గంగానదిలోని టెంకిని 1822లో హామిల్టన్ ఫ్లూవియాటిలిస్ అను పేరుతో వర్ణించెను. ఆ పేరును 2001లో వన్యప్రాణి చట్టపు మొదటి షెడ్యూలులో, అనగా పులి, ఏనుగులతో సమానమైన స్థానములో చేర్చిరి. దానిని పట్టుటయు, ఉంచుకొనుటయు నేరము.

పెంచలేక విసిగినవారు చేయు పొరపాటు మరియొకటి కలదు. చేపను దగ్గరి చెరువులో విడిచిపెట్టుట. సింగపూరులో ఇట్లు విడువబడిన మోటోరో చేపలు జలాశయములలో స్థిరపడి పిల్లలను పెట్టినవి. తెలుగు రాష్ట్రముల చెరువులలో వలలకు చిక్కు సక్కర్ చేప కూడ ఒకనాడు గాజుతొట్టి నుండి వచ్చినదే. అది వలలను చించి, తినుటకు పనికిరాక, బెస్తలకు బెడదయైనది. టెంకికి పైగా విషపు ముల్లు కూడ కలదు.

వంశావళి పుస్తకము

కననీయవచ్చునా యను మూడవ ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చును. ఊహించిన ఇంటిలోని రెండు చేపలును వేరు జాతులవి. వాని నదులు తెలియవు. కావున వానిని జతకట్టనీయరాదు. ఇందుకు పెద్ద యుక్తి అక్కరలేదు. ఆలింగకములు చూచి ఆడమగలను గుర్తించి, వేరు జాతులను కలిపి ఉంచవలసివచ్చిన అన్నియు ఆడువిగనో, అన్నియు మగవిగనో ఉంచిన చాలును. పిల్లలు కావలెననుకొనువారు ఒకే జాతి, ఒకే నది చేపలని వ్రాతమూలముగ తెలిసినవానిని మాత్రమే జతపరుపవలెను.

వ్రాత యనగనేమి? ప్రతి చేపకు ఒక పుట. అందులో అది ఏ దేశపు ఏ నదినుండి వచ్చినది లేక ఏ తల్లిదండ్రులకు పుట్టినది, కొన్న తేదీ, రశీదు సంఖ్య, పైభాగపు, అడుగుభాగపు ఛాయాచిత్రములు, ఏటేటి కొలతలు, సంతానపు లెక్క. చేప చేతులు మారినప్పుడు ఈ పుట కూడ దానితో పోవలెను.

ఈ పద్ధతి మనకు తెలియనిది కాదు. నెల్లూరు, ఒంగోలు సీమల ఎద్దులు 19వ శతాబ్దమునుండి బ్రెజిలుకు వెళ్ళినవి. అక్కడివారు వానిని నెల్లూరు పేరనే నెలోరే అని పిలిచి, ఏ దూడ ఏ ఆవునకు, ఏ ఆబోతునకు పుట్టినదో పుస్తకములలో వ్రాసి పెంచిరి. నేడు బ్రెజిలు పశుసంపదలో ఆ జాతికి అగ్రస్థానము కలదు. మన సీమనుండి పోయిన పశువునకు బ్రెజిలువారు చూపిన శ్రద్ధను, బ్రెజిలు నదులనుండి వచ్చిన చేపకు మనవారు చూపుట న్యాయము.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో టెంకి చేప లేకయే బోధింపవచ్చును. పాఠశాల కుండీలో గప్పీ చేపలు చాలును. పది చేపలను విద్యార్థులకు చూపి, రంగు చెప్పకుండ ప్రతిదానిని వర్ణింపుమని కోరవలెను. రెక్క ఆకారము, తోక పొడవు, ఆడమగల తేడా, దేహపు కొలతలు వారే వెదకుదురు. వర్ణనను చదివి మరియొక విద్యార్థి ఆ చేపను పోల్చుకొనగలిగినచో పాఠము నెరవేరినట్లు. చుక్కలను చూచి ఆనందించుటకును, చేపను తెలిసికొనుటకును గల భేదమును వారు ఆ గంటలోనే గ్రహింతురు.